ఇరవై ఆరు నుంచి నలభై ఐదు

మా మేడం పోయారు. మొన్న మంగళవారం ఉదయం అల్వాల్‌లోని తమ ఇంట్లో టీ తాగి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మళ్ళీ లేవలేదని మా విభాగం వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. దాని కింద దండాలూ పూలూ పడుతుండగానే ఇంకో మాట పడింది: "సంతాప సంచికకు అందరూ రాయండి, ఆ డిబేట్ మహారాణి తప్ప. మేడం ఎవరిని మెచ్చుకున్నా ఓర్వలేక చచ్చింది." డిబేట్ మహారాణిని నేనే. ఆ మాటకు చాలామంది బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి మెచ్చుకున్నారు.

కనుక నా మీద ఆరోపణ ఈర్ష్య. మేడం మీద కూడా ఒక ఆరోపణ ఉంది. అది సంచిక ముసాయిదాలోనే, గౌరవపు ముసుగు వేసుకుని, మూడో పేజీలో కూర్చుంది: "చివరి సంవత్సరాలలో చూపు మందగించి షామీర్‌పేట నివేదికలో వయసును తప్పుగా నమోదు చేసినప్పటికీ, ఆమె సేవలు చిరస్మరణీయం." నా మీది ఆరోపణ నిజం. ఆవిడ మీది అబద్ధం. నాది నిజమని చెప్పకుండా ఆవిడది అబద్ధమని నిరూపించలేను. అందువల్ల ఈ వ్యాసంలో ముద్దాయినీ నేనే, సాక్షినీ నేనే.

మేడాన్ని ఎరగని పాఠకుల కోసం ఆవిడ పని ఏమిటో చెప్పాలి. మేడ్చల్‌లో ఉన్న మా కళాశాలకు, మానవశాస్త్ర విభాగానికి, అప్పుడప్పుడు పోలీసులు అట్టపెట్టెలు తెచ్చేవారు. పునాదులు తవ్వుతున్నప్పుడో, చెరువు ఎండినప్పుడో బయటపడిన మనుషుల ఎముకలు వాటిలో ఉండేవి. ఆడా మగా, ఎంత ఎత్తు, ఎంత వయసులో పోయారు అన్నది మేడం చూసి రాసిచ్చేవారు. వీటిలో వయసు చెప్పడమే అన్నిటికంటే కష్టం. ఎదిగే వయసులో ఎముక కాస్త క్రమశిక్షణతో ఉంటుంది. మెడ కింది ఎముక లోపలి కొన ఇరవైల చివరకు అతుక్కుపోతుంది. ఆ తర్వాత మనకు మిగిలేది అరుగుదల ఒక్కటే. కటి ఎముకలు ముందువైపు కలిసే చోట పడుచుతనంలో దున్నిన చేనులా చాళ్ళు ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చాళ్ళు చదునవుతాయి, అంచు కడుతుంది, ఆ అంచు విరుగుతుంది. ఎవరిలో ఎంత వేగంగా అన్నది మాత్రం ఏ గ్రంథమూ ఖచ్చితంగా చెప్పదు.

"ఎముక వయసు చెప్పదు. దాన్ని ఎంత వాడుకున్నరో చెప్తది" అనేవారు మేడం.

తరగతిలో ఆవిడ పద్ధతి ఒకటి ఉండేది. బల్ల మీద ఎముక పెట్టి ఒక్కొక్కరినీ పిలిచేవారు. మొదట కళ్ళు మూసుకుని వేలితో తడమాలి, తర్వాతే చూడాలి. ఒక చీటీ మీద వయసు రాసి, దాని కింద "నేను ఎందుకు పొరబడి ఉండవచ్చు" అని ఒక వాక్యం రాయాలి. చీటీలన్నీ ఆవిడ పాత స్టీలు టిఫిన్ డబ్బాలో పడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మొదటి రోజు నేను "31" అని రాసి, కింది వాక్యం ఖాళీగా వదిలేశాను. నేను ఎందుకు పొరబడతానో నాకు నిజంగానే తోచలేదు.

మేడం చీటీలు చదువుతూ నా దగ్గర ఆగారు. "ఎవరిది గీ ముప్పై ఒకటి?"

గర్వంగా చెయ్యెత్తాను.

"పుట్టిన దినం కూడ రాయకపోతివి లాయరమ్మా? కేకు తెప్పిద్దుము."

తరగతి నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే ఆవిడ తర్వాతి చీటీ తీశారు. మచ్చ బొల్లారం నుంచి వచ్చే అమ్మాయిది అది. వాళ్ళ నాన్న కుళాయిలు బాగుచేసేవాడు. ఆదివారం చర్చిలో పాడడం తప్ప ఆ అమ్మాయి పెద్దగా గొంతెత్తడం ఎవరూ వినలేదు. చీటీలో ఇలా ఉంది: "ఇరవై ఎనిమిది నుంచి యాభై. పండ్లు చూస్తే ఎక్కువ అనిపిస్తాంది, ఎముక చూస్తే తక్కువ అనిపిస్తాంది. నాకు భయమైతాంది మేడం."

"మంచిగున్నది బిడ్డా" అన్నారు మేడం. ఆ చీటీని మాత్రం తిరిగి డబ్బాలో వేయకుండా తన డైరీలో పెట్టుకున్నారు.

నా ఈర్ష్యకు జన్మస్థలం ఆ డైరీ. ఏ వాదన పోటీలోనైనా ఇరవై రెండేళ్ళ తేడాతో జవాబు చెప్పే మనిషిని గంట కొట్టి వేదిక దింపేస్తారు. నేను మాత్రం పాఠశాల నాటి నుంచీ తడబడకుండా మాట్లాడి కప్పులు తెచ్చుకున్నదాన్ని. తెలియదని చెప్పి ఒకరు మెప్పు పొందడం నేను అంతవరకూ చూడలేదు. నేను లాయరమ్మను, ఆమె బిడ్డ. ఆ తేడాను రెండేళ్ళపాటు ప్రతిరోజూ లెక్కపెట్టుకున్నాను.

మేడం అల్వాల్ నుంచి లోకల్ రైలులో మేడ్చల్ వచ్చేవారు. బొల్లారం అమ్మాయి దారిలో అదే పెట్టె ఎక్కేది. మా కుటుంబం కాకినాడ నుంచి వచ్చి మేడ్చల్‌లోనే కొత్త కాలనీలో స్థిరపడింది. మా ఇంటి నుంచి కళాశాలకు నడిచి పదిహేను నిమిషాలు. ఆ సౌకర్యం నాకు శాపమైంది. రోజూ అరగంట ఆ రైలులో వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో తెలియక తిండి సహించేది కాదు. చివరికి ఒక ఉదయం పెందలాడే లేచి, బస్సులో అల్వాల్ దాకా వెళ్ళి, అక్కడ రైలెక్కి మళ్ళీ మేడ్చల్ వచ్చాను. నన్ను పెట్టెలో చూసి మేడం కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏంది లాయరమ్మా, మీ ఇల్లు ఇటు జరిగిందా?"

"పని ఉండి వచ్చాను మేడం."

"మంచిగైంది. జర నువ్వు సుత ఆడు." అని ఎదుటి సీటులో కూరగాయల గంప పట్టుకుని కూర్చున్న ఆమెను కళ్ళతో చూపించారు. "ఆమె చేతులు చూసి వయసు చెప్పు."

"నలభై ఎనిమిది" అన్నాను.

బొల్లారం అమ్మాయి మెల్లగా "నలభై నుంచి అరవై" అంది. మేడం ముందుకు వంగి ఆమెనే అడిగేశారు. "ఏం వయసమ్మా నీది?"

గంప ఆమె నవ్వింది. "నాకేం ఎరుక మేడం! చెరువు తెగిన ఏడు పుట్టిన అంటరు. గా ఆధార్ పోరడు, యాభై రెండు ఏస్తున్న అవ్వా అన్నడు. ఏసుకో కొడుకా అన్న."

పెట్టెలో నలుగురూ నవ్వారు. మేడం నా వైపు తిరిగారు. "బతికున్నామెకే తెల్వదు. సచ్చినామె నీకు ఒక్క అంకె చెప్తదా?"

నేను కూడా నవ్వాను. కానీ ఆ నాటి నుంచి నా మనసులో మిగిలిన విషయం ఆ పాఠం కాదు. మేడం తన సంచిలోని ఉడకబెట్టిన పల్లికాయ ముందు ఆ అమ్మాయి దోసిట్లో పోశారు. తర్వాత నా చేతిలో.

ఆవిడకు ఇంకో అలవాటు ఉండేది. పెట్టె తెరిచేముందు లోపలి మనిషితో మాట్లాడేవారు. "అమ్మా, జర చూస్తం" అనో, "అయ్యా, ఏమనుకోకు" అనో. ఒకసారి నేను ఎత్తిపొడిచాను. వయసు తెలియకుండా వరస ఎలా కలుపుతారు మేడం, అక్కో చెల్లెలో పెద్దమ్మో తేలాలి కదా అని. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. "అందుకే అమ్మా అంటున్న. పాలు తాగే పిల్లనూ అమ్మా అంటం, పండు ముసలామెనూ అమ్మా అంటం. మన భాషల గంత వెడల్పు మాట ఉన్నది, ఇంక నువ్వెందుకు తొందర పడుతవ్?" ఆ రోజు కూడా నేను ఓడిపోయాను. ఓడినందుకు కాదు, ఆవిడ గెలవడానికి ప్రయత్నించకుండానే గెలిచినందుకు నాకు మండింది.

ఇక షామీర్‌పేట సంగతి.

అక్కడొక ఇళ్ళస్థలాల వెంచరులో ప్రహరీ గోడకు జేసీబీ తవ్వుతుండగా ఒక స్త్రీ ఎముకలు బయటపడ్డాయి. అట్టపెట్టె మా బల్ల మీదకు వచ్చింది. మెడ కింది ఎముక కొన పూర్తిగా అతుక్కుని ఉంది, కనుక ఇరవైల మధ్య దాటిన మనిషి. కటి ఎముక మీద చాళ్ళు మాత్రం ఇంకా కొంత మిగిలి ఉన్నాయి. నేను ఇరవై ఆరు నుంచి ముప్పై రెండు అన్నాను. నా జన్మలో అంతకంటే వెడల్పుగా ఎప్పుడూ రాయలేదు. ఆ మాత్రానికే మెచ్చుకుంటారని ఆశపడ్డాను. బొల్లారం అమ్మాయి చాలాసేపు తడిమి, "కొందరికి చాళ్ళు తొందరగ పోవు మేడం. నలభై దాక పోవచ్చు, ఇంక పైకి కూడ" అంది. మేడం మళ్ళీ తడిమి చూశారు. రిజిస్టరులో పెన్సిలుతో 26–45 అని రాశారు. "నీ చేతికి ఓపిక ఉన్నది బిడ్డా" అన్నారు. నివేదిక టైపు చేసే పని నాకు అప్పజెప్పారు, ఎందుకంటే నాకు భాష ఉంది.

నేను వాదించాను. నలభై ఐదు దాకా రాస్తే పోలీసులకు ఏం ఉపయోగం, సగం జిల్లా ఆడవాళ్ళు అందులోకి వస్తారు కదా అన్నాను.

"రానీ. సన్నగ రాసినవంటే మిగిలిన ఇండ్ల తలుపులన్నీ నువ్వే మూసినట్టు. ఎముక చెప్పిందే రాయి."

నేను ఎముక చెప్పింది రాయలేదు. నేను చెప్పింది రాశాను. 26–32.

నివేదిక సిద్ధమయ్యేనాటికి మేడం కంటికి శస్త్రచికిత్స జరిగి వారమైంది. చదవవద్దని వైద్యులు అన్నారు. నివేదికను నన్నే చదివి వినిపించమన్నారు. కొలతలన్నీ స్పష్టంగా చదివాను. చివరి పంక్తికి వచ్చేసరికి కాగితం మీద ముప్పై రెండు ఉంది, నా నోరు "నలభై ఐదు" అని చదివింది. ఎక్కడా తడబడలేదు. తడబడకుండా మాట్లాడటం నా విద్య. ఆవిడ వేలితో తడిమి నేను చూపించిన చోట సంతకం చేశారు. నా గొంతును నమ్మి చేశారు. ముసాయిదాలో మీరు "చూపు మందగించి" అని రాసిన పొరపాటు పూర్వాపరాలు ఇవి. ఆవిడ కళ్ళు ఆ కాగితాన్ని చూడనే లేదు.

ఎందుకు చేశావని అడుగుతారు. పోలీసులకు ఉపయోగపడాలని అనుకున్నానని నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను. అది బాగా కూర్చిన వాదన, అంతే. ఆ అమ్మాయి మాట నివేదికకు ఎక్కడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిది నెలల తర్వాత గాజులరామారం నుంచి ఒక మనిషి విభాగానికి వచ్చాడు. జీడిమెట్లలో ఏదో కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ళ అక్క మూడేళ్ళ కిందట పొద్దున్నే పనికని వెళ్ళి తిరిగి రాలేదు. షామీర్‌పేటలో ఎముకలతో పాటు దొరికిన చీర ముక్క ఫొటోను అవి బయటపడినప్పుడే ఠాణాలో చూశాడట.

"వయసు కలుస్తలేదు పో అన్నరు పోలీసోళ్ళు" అన్నాడు, టోపీ చేతిలో నలుపుతూ. "మా అక్కకు ముప్పై తొమ్మిది. మీ కాగితంల ముప్పై రెండు లోపట అని ఉన్నదట. సరే అనుకున్న. ఇంటికి పోయి, అది అక్క కాదంటమ్మా అని మా అమ్మకు చెప్పిన. గా దినం మా అమ్మ కడుపు నిండ తిన్నది. గప్పటి సంది రోజూ అక్కకు సుత గిన్నెల అన్నం తీసి పెడుతాంది, నేడో రేపో వస్తదని. కని నాకు గా చీర నిద్ర పట్టనిస్త లేదు. ఒక్కసారి మల్ల చూడుండ్రి."

మేడం కంటిచూపు అప్పటికి బాగుపడింది. రిజిస్టరు తెరిచారు. పక్కన నివేదిక నకలు పెట్టారు. పెన్సిలు అంకె చూశారు, అచ్చు అంకె చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉంటే దాన్ని ఎదుర్కొనే వాక్యాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కోపం లేదు. ఎముకను చూసినట్టే చూశారు.

"తప్పు నాదయ్యా" అన్నారు ఆ మనిషితో. "నేను రాసింది సరిగ లేదు. ఇంకోటి రాసిస్త. మీ అమ్మను డీఎన్ఏ కోసం పిలుస్తరు, జర ధైర్యం చెప్పు."

అతను వెళ్ళాక నేను నోరు తెరిచాను. "మేడం, అది నేను..."

"చేతులు కడుక్కున్నవా?"

"లేదు."

"కడుక్కో పో."

కడుక్కుని వచ్చేసరికి ఆవిడ సవరణ లేఖను బొల్లారం అమ్మాయి చేతిలో పెట్టి ఠాణాకు పంపుతున్నారు. పాఠకులారా, నా మీది ఆరోపణకు ఇంతకంటే బలమైన సాక్ష్యం నేనివ్వలేను. ఆ క్షణంలో కూడా, ఒక తల్లి ఎనిమిది నెలల ఆశకు నేనే కారణమని తెలిసిన ఆ క్షణంలో కూడా, ఉత్తరం నా చేతికి ఇవ్వలేదేమని నాకు కడుపు మండింది.

డీఎన్ఏ కలిసింది. ఆ తర్వాత పోలీసుల పెట్టెలు మా విభాగానికి రావడం ఆగిపోయింది. మేడానికి చూపు పోయిందన్న మాట వరండాలో పుట్టి గ్రూపులోకి పాకింది. ఎవరు అడిగినా ఆవిడ కాదనలేదు. ఒక రోజు తట్టుకోలేక, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. మెట్ల మీద ఆగి, ఊపిరి తీసుకుని చెప్పారు.

"నీ మీద ఏస్తే నువ్వు వాదిస్తవ్. వాదించి గెలుస్తవ్ కూడ. గెలిచినవంటే ఇగ ఖరాబైతవ్."

ఆ మాటకు జవాబు దొరికితే వెళ్ళి చెబుదామనుకున్నాను. రెండేళ్ళు గడిచిపోయాయి. అల్వాల్ బస్సు మా వీధి చివరే ఆగుతుంది. నేను ఎక్కలేదు. కిందటి నెలలో ఆవిడ తన కొలతల పరికరాల పెట్టెను బొల్లారం అమ్మాయికి ఇచ్చేశారని విన్నాను. అది విన్న రోజు అన్నం తినలేదు. ఆవిడ పోయిన వార్త విన్న రోజు మాత్రం తిన్నాను. దేనికి ఎక్కువ ఏడ్చానో మీరే నిర్ణయించుకోండి.

అవశేషాలను అప్పగించిన రోజు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. గాజులరామారం తల్లి వచ్చింది. మేడమూ బొల్లారం అమ్మాయీ తెల్లగుడ్డ మీద ఎముకలను వరసగా పేర్చి ఉంచారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దని కూడా అనలేదు. ఆ తల్లి ఏడవలేదు. నేల మీద కూర్చుని, తొడ ఎముకను రెండు చేతులా ఎత్తి, చాపిన తన కాలి పక్కన పెట్టి చూసుకుంది. "నా కన్న పొడుగు" అంది మేడంతో. "వాళ్ళ నాయిన పోలిక." మేడం ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. ఇద్దరూ ఆ పొడుగు గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు. నా ఎనిమిదేళ్ళ వాక్చాతుర్యంలో ఆ సంభాషణలో పెట్టదగిన మాట ఒక్కటి లేదు. ఆ గదిలో ఉన్న ముగ్గురి మీదా నాకు ఈర్ష్య కలిగింది, చేతిలో ఎముకతో కూర్చున్న ఆ తల్లితో సహా.

నన్ను వాదించనీయకుండా ఆపి, నా తప్పును ఆవిడ తన దగ్గరే ఉంచుకుని వెళ్ళిపోయారు. ఆవిడ దగ్గర నుంచి నేను కోరుకున్నవేవీ నాకు దక్కలేదు. ఆ తప్పొక్కటి న్యాయంగా నాది, నాకు కావాలి.

సంచిక ఇంకా అచ్చుకు పోలేదు. మూడో పేజీలోని ఆ వాక్యాన్ని కొట్టేయండి. ఆ చోట, నివేదికలో వయసు మార్చింది ఎవరో, చదివి వినిపించేటప్పుడు దాచింది ఎవరో, నా పూర్తి పేరుతో వేయండి. ఆదివారం జరిగే సంతాప సభలో ఆ పేజీని బొల్లారం అమ్మాయి చేత చదివించండి. నేను మొదటి వరసలో కూర్చుంటాను, నోరెత్తను. నా మీద జాలిపడి ఏ పంక్తి దగ్గరా గొంతు తగ్గించవద్దని మాత్రం ఆమెకు గట్టిగా చెప్పండి.